జీనుకి వేసిన అతుకు

ముందు నా తప్పు చెప్పేస్తాను. వాదన తర్వాత.

పన్నెండేళ్ళ కిందటి మాట. గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్నారు. తలుపులు, దూలాలు కొనడానికి వెళ్ళిన మా బంధువు ఒకాయన ఫోన్ చేసి, "అటక మీద ఏదో పెద్ద సీటు దొరికిందిరా, సీట్లంటే నీ డిపార్ట్‌మెంటే కదా, వచ్చి చూసుకో" అన్నాడు. నాకు విజయవాడ ఆటోనగర్‌లో కారు సీట్లు, కవర్లు కుట్టే షాపు ఉంది. వెళ్ళి చూస్తే అది గుర్రపు జీను. వాకిట్లో ఇటుకల గుట్ట పక్కన బోర్లా పడి ఉంది. ఇత్తడి గంగాళాలు, పందిరి మంచం కోళ్ళు అప్పటికే ఎవరో ఏరుకుపోయారు. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. రెండున్నర వేలిచ్చి డిక్కీలో వేసుకొచ్చాను.

కూర్చునే చోట తోలు నల్లబడి అద్దంలా మెరుస్తోంది. ఎడమవైపు రెక్క మీద అరచెయ్యంత అతుకు. ఆ తోలు వేరు, మందం ఎక్కువ, ముతక నూలు దారంతో కుట్టారు. గుర్రం పొట్ట కింద బిగించే పట్టీ అసలుది ఎప్పుడో పోయింది, దాని బదులు నవారు ఉంది. అవును, మంచానికి అల్లే నవారే. నాలుగు పొరలు మడిచి, అంచులు కుట్టి, చివర ఇనుప బకిల్ పెట్టారు.

నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. నవారు పీకి చెత్తలో వేశాను. అతుకు విప్పేసి, మంచి తోలు తెప్పించి, కొత్త రెక్క కోసి, మిషన్ జోలికి పోకుండా చేత్తోనే ముచ్చటగా కుట్టాను. నూనె పట్టించి, పాలిష్ కొట్టి షాపులో ఎదురుగా పెట్టాను. వచ్చినవాళ్ళంతా షోరూమ్ పీసులా ఉందన్నారు. నేనూ మురిసిపోయాను.

రెండేళ్ళ తర్వాత పాత ఫోన్‌లో ఫొటోలు కొత్త ఫోన్‌లోకి ఎక్కించుకుంటుంటే, ఆ జీనుని కొన్నరోజు తీసిన ఫొటో కనబడింది. ఊరికే వేళ్ళతో పెద్దది చేసి చూశాను. అతుకు చుట్టూ ఉన్న కుట్లు ఎదురువైపుకి ఒరిగి ఉన్నాయి.

కుట్టుపని చేసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మిగతావాళ్ళకి చెబుతాను. తోలుని చేత్తో కుట్టేటప్పుడు ఒకటే దారం, రెండు చివర్లా రెండు సూదులు. ఆరెతో పొడిచిన ప్రతి కన్నంలోంచి ఒక సూది ఇటు నుంచి, ఇంకోటి అటు నుంచి దూరుతుంది. అందుకే కుట్టు తిన్నగా పడదు, కొంచెం ఏటవాలుగా పడుతుంది. కుడిచేతి వాటం వాళ్ళు కుడితే సాధారణంగా ఒకే వైపుకి వాలుతుంది. మా షాపులో ఒక కుర్రాడిది ఎడమచేతి వాటం. వాడు కుట్టింది అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ఆ అతుకు కూడా అచ్చం అలాగే ఉంది. అంటే గుంటూరు చుట్టుపక్కల ఎక్కడో, ఎప్పుడో, ఒక ఎడమచేతి వాటం మనిషి ఈ జీనుని ఒళ్ళో పెట్టుకుని ఓ పూటంతా కూర్చున్నాడు. అతని తాలూకు ఆనవాలు ఇంకేమీ మిగిలి ఉండదు. మిగిలిన ఆ ఒక్కదాన్నీ నేను బ్లేడుతో కోసి పారేశాను.

అప్పటి నుంచి నాదొకటే వాదన. మన ఊళ్ళలో దొరికే దొరల కాలం నాటి గుర్రపు సామానులో దాచుకోదగ్గది దొర కొనుక్కున్న భాగం కాదు, మనవాళ్ళు వేసిన అతుకు. మార్కెట్ దీనికి సరిగ్గా తలకిందులుగా నడుస్తోంది. అతుకు ఉంటే ధర తగ్గిస్తారు. "ఒరిజినల్ కండిషన్" అయితే కళ్ళకద్దుకుంటారు. ఇలాంటివి సేకరించేవాళ్ళని కూడా కలెక్టర్లనే అంటారు. వాళ్ళలో కొందరిని చూస్తే ఆ పేరు ఊరికే రాలేదనిపిస్తుంది.

ఒరిజినల్ అంటే ఏమిటో చూద్దాం. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర వాల్సాల్ అని ఒక ఊరుంది. పందొమ్మిదో శతాబ్దంలో జీన్లు, కళ్ళేలు, రికాబులు చెయ్యడమే ఆ ఊరి బతుకుతెరువు. ఇప్పటికీ ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టుని శాడ్లర్స్ అనే పిలుస్తారు, అంటే జీన్లు కుట్టేవాళ్ళని. బ్రిటిష్ సైన్యం జీన్లకి ఒక నమూనా పెట్టుకుని దాన్నే మళ్ళీ మళ్ళీ మార్చుకుంటూ పోయింది. 1890 నమూనా, 1902 నమూనా, 1912 నమూనా అని వాటికి పేర్లు. ఈ 1912ది నా దగ్గర ఒకటుంది. సీట్లు కుట్టేవాడిగా దానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ముందూ వెనకా ఉక్కు కమానులు, వాటికి రెండు పక్కలా చెక్క పలకలు. ఆ పలకలు కమాను దగ్గర కదులుతాయి. యుద్ధంలో తిండి చాలక గుర్రం చిక్కిపోతే వీపు ఆకారం మారుతుంది. జీను కూడా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, వీపు పుండు పడదు. మనం కారు సీటుకి లివర్ పెట్టి పెద్ద గొప్పలు పోతాం.

అంత బాగుంది కదా, మరి నా బాధేమిటి? ఒక నమూనా ప్రకారం చేసినవి అన్నీ ఒకేలా ఉంటాయి. అలా ఉండాలనే చేశారు. లండన్‌లో దొరికేదీ, సిడ్నీలో దొరికేదీ, మా బెజవాడ ఇస్లాంపేట పాత సామాన్ల కొట్లో దొరికేదీ ఒకటే. ఇక్కడిది ఇక్కడిదని చెప్పేది దాని మీద తర్వాత పడిన చెయ్యి మాత్రమే. ఆ చేతి పని తీసేసి, వాల్సాల్ నుంచి నిన్ననే వచ్చినట్టు తయారుచేసి, దాన్ని బెజవాడ జీను అనడం ఎంత తెలివితక్కువతనం!

ఒరిజినల్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. ఇంగ్లండ్‌లో ఆడవాళ్ళు రెండు కాళ్ళూ ఒకే పక్కకి వేసి కూర్చునే సైడ్ శాడిల్స్ ఉన్నాయి. 1920లు, 30లలో చాంపియన్ అండ్ విల్టన్, మేహ్యూ లాంటి కంపెనీలు చేసిన వాటిని ఇప్పటికీ వెతికి కొని, బాగుచేయించి, నిజంగా గుర్రం మీద వేసి తిరుగుతున్నారు. అక్కడ పాత పట్టీ తీసి కొత్తది వెయ్యాల్సిందే, లేకపోతే మనిషి కింద పడుతుంది. నా జీను ఎక్కి నేను బెంజ్ సర్కిల్‌కి వెళ్ళను కదా. మరి నాకెందుకు కొత్త పట్టీ?

దొంగ సరుకు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందులోనూ నా డబ్బు పోయింది. ఆన్‌లైన్‌లో ఒకాయన "1857 నాటి కంపెనీ సిపాయి జీను" అని పెట్టాడు. ఫొటోలో ఎంత పాతగా ఉందంటే నాకే జాలేసింది. పద్దెనిమిది వేలు పంపాను. పార్సిల్ విప్పి ముక్కు దగ్గర పెట్టుకోగానే తెలిసిపోయింది. ఫోమ్ వాసన! రోజూ పీల్చే వాసన నాకు తెలియదా? ఆ ఫోమ్ తయారయ్యే పాలీయురేథేన్ అన్నదే 1937లో పుట్టింది. దారం కొస లైటర్‌కి చూపిస్తే కాలలేదు, కరిగి ముద్ద కట్టింది. నైలాన్. బకిళ్ళు స్టెయిన్‌లెస్ స్టీలు, అది ఇరవయ్యో శతాబ్దం వచ్చేదాకా లోకంలో లేదు. మా ఆవిడ మాత్రం, "సిపాయి తిరుగుబాటు సంగతి తర్వాత, ఇంట్లో తిరుగుబాటు సంగతి చూసుకోండి" అంది.

పాత జీను కొనేవాళ్ళు భూతద్దం ఒకటి జేబులో పెట్టుకోండి. మంచి ఇంగ్లీషు జీనుకి కూర్చునే చోట పంది తోలు వేస్తారు. దాని మీద వెంట్రుకల కన్నాలు మూడేసి చొప్పున, చిన్న త్రికోణంలా ఉంటాయి. ఆవు తోలుకీ గేదె తోలుకీ అలా ఉండవు. రికాబు మీద క్రోమియం పూత తళతళలాడుతుంటే అది విక్టోరియా రాణి కాలం నాటిదని నమ్మొద్దు, ఆ పూత వ్యాపారంలోకి వచ్చింది 1920లలో. సర్కారు సామాను మీద బాణం ములుకు లాంటి గుర్తు కొట్టేవాళ్ళు. దాని కింద ఇంగ్లీషు ఐ అక్షరం ఉంటే ఇండియా సర్కారుది. అయితే గుర్తు ఒక్కటీ చూసి డబ్బు తియ్యకండి, గుర్తు కొట్టడానికి సుత్తి ఉంటే చాలు.

ఈ గుర్తుల దగ్గరే నాకు ఇంకో పేచీ ఉంది. కాన్పూర్‌లో జీన్లు, గుర్రపు సామాను చేసే సర్కారు ఫ్యాక్టరీ 1860లలోనే మొదలైంది. కానీ కాన్పూర్ ముద్ర ఉంటే ధర తక్కువ, వాల్సాల్ ముద్ర ఉంటే ఎక్కువ. ఎందుకని అడిగితే "అది ఇంపోర్టెడ్ కదండీ" అంటారు. అసలు తోలు ఎటు నుంచి ఎటు పోయిందో వీళ్ళకి తెలుసా? మన తంగేడు చెక్కతో, కరక్కాయతో ఊనిన, అంటే కుళ్ళకుండా పదును చేసిన, తోళ్ళు మద్రాసు రేవు నుంచి ఓడల కొద్దీ లండన్ వెళ్ళాయి. ఈస్టిండియా తోళ్ళని అక్కడ వాటికి పేరు. మన గట్ల మీద పూసే తంగేడే. అది లండన్ చూసొచ్చింది, మనం చూడలేదు.

ఇక అసలు గొడవ. మా మేనకోడలు గుంటూరులో లెక్చరర్. ఓ పండక్కి వచ్చినప్పుడు నా గది చూసి, "మావయ్యా, మనల్ని తొక్కినవాళ్ళ జీన్లు తెచ్చి ఇంట్లో అలంకరించుకోవడానికి సిగ్గెయ్యట్లేదా?" అని అడిగేసింది. అది తేలిగ్గా తీసేసే ప్రశ్న కాదు. కలెక్టరు ఉద్యోగానికి పెట్టే ఐసీఎస్ పరీక్షలో గుర్రపు స్వారీ కూడా ఒక పరీక్ష. అరవిందుడు రాతపరీక్షల్లో గట్టెక్కి, స్వారీ పరీక్షకి హాజరు కాకపోవడంతోనే 1892లో ఆ ఉద్యోగానికి దూరమయ్యాడు. గుర్రం మీద కూర్చోవడం రానివాడు జిల్లాని ఏలడానికి పనికిరాడని వాళ్ళ లెక్క. కలెక్టరు డేరాలతో ఊరూరా తిరిగి జమాబందీ చేశాడంటే ఈ జీను అతని ఆఫీసు కుర్చీ. పల్నాడులో అడవిలో పశువులు మేపుకుంటే పుల్లరి కట్టమన్నదీ, కట్టేది లేదని ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతుని 1922లో కాల్చి చంపిందీ ఆ కుర్చీయే. మా మేనకోడలి కోపం న్యాయమైనదే.

కానీ ఆ కుర్చీ కింద ఎవరున్నారో కూడా చూడాలి కదా. దొర గుర్రం ఒక్కటికి సాధారణంగా ఇద్దరు మనుషులు ఉండేవాళ్ళు. మాలిష్ చేసి, జీను కట్టి, వెంట పరిగెత్తే సాయీసు ఒకడు. రోజూ గడ్డి కోసుకొచ్చేవాడు ఇంకొకడు. తోలు తెగితే కుట్టేవాడు ఊరి మాదిగవాడలో ఉండేవాడు. దొర పేరు గెజెట్‌లో ఉంటుంది, ఫొటో ఉంటుంది, చివరికి సమాధి రాయి కూడా ఉంటుంది. వీళ్ళవి ఏవీ లేవు, అతుకు తప్ప. సిగ్గుతో జీనుని తగలబెడితే దొరకి పోయేదేమీ లేదు. పోయేది కుట్టినవాడి ఆనవాలే.

ఆ మాటే అన్నాను. తను ఒప్పుకోలేదు. "అయితే అతుకు ఒక్కటీ కోసి ఫ్రేము కట్టించుకో" అంది. కొంటె సమాధానం అనుకున్నాను గానీ, రెండు రోజులు నిద్రపట్టలేదు. చివరికి నాకు దొరికిన జవాబు బందరు రోడ్డు మీద ఉంది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి 1887లో పునాది వేసిన జూబిలీ మ్యూజియం. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన చోటుగా మనం చెప్పుకునేది దాన్నే. ఇప్పుడది బాపు మ్యూజియం. రాణి పేరిట కట్టిన భవనానికి మనం వేసిన అతుకు అన్నమాట. గోడ లేకుండా ఆ అతుకుని ఎక్కడ వేలాడదీస్తాం? ఇది వాట్సాప్‌లో పంపితే తను బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంది.

మాటల్లో కూడా ఈ అతుకు కనబడుతుంది. జీను, రికాబు, లగాము పారశీకం నుంచి వచ్చాయి. రౌతు కూడా పాత మాటే.  దొరలు అంతకాలం గుర్రాల మీద తిరిగినా రేసు, జాకీ లాంటివి తప్ప మన గుర్రపు మాటల్లోకి పెద్దగా ఏమీ చొరబడలేదు. పైగా సాయీసు అన్న మాటని వాళ్ళే ఇంగ్లీషులోకి పట్టుకుపోయారు. కారు సంగతి చూడండి. స్టీరింగ్, క్లచ్, గేరు, సీటు... నా షాపులో సూది, దారం తప్ప తెలుగు మాటే వినబడదు.

మా నాన్న చిన్నప్పుడు బెజవాడ స్టేషన్ ముందు జట్కాలు బారులు తీరి ఉండేవట. ఆ జట్కా సామాను ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. దొర జీనుకి వేలు పోసేవాడు జట్కా గంతలకి వంద రూపాయలు ఇవ్వడు. నా దగ్గర ఒక జత గంతలున్నాయి. కుడి కంటిది తోలు. ఎడమ కంటిది ఎప్పుడో ఊడిపోతే లారీ టైరు ముక్క గుండ్రంగా కోసి పెట్టారు. టైరు మీద గీతలు ఇంకా కనబడుతున్నాయి, అంటే మా ఆటోనగర్ సరుకే. నా మొత్తం సామానులో ఏదైనా ఒక్కటే ఉంచుకోమంటే అదే ఉంచుకుంటాను. ఈ ఊళ్ళో గుర్రం పేరు చెబితే ఇప్పటి పిల్లలకి గుర్తొచ్చేది కాలవల్లో గుర్రపుడెక్క ఒక్కటే. అదీ పరాయి దేశం నుంచి వచ్చి మన నీళ్ళలో పాతుకుపోయిందే.

మా ఆవిడ మాత్రం ఇదంతా గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడం అంటుంది. నిజమే, కాకపోతే ఇక్కడ గుడ్డి గుర్రం కూడా లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఇంటి కింది భాగంలోకీ నీళ్ళొచ్చాయి. మేము పైన ఉండి బతికిపోయాం. కింద గదిలో అడుగు అరలో బందరులో కొన్న జీను ఒకటి ఉంది, మెత్త ఉన్న రకం. నీళ్ళు తీసేసరికి దాని మీద వేలు మందాన బురద, బురద మీద తెల్లటి బూజు. చుట్టుపక్కల ఇళ్ళలో జనం ఫ్రిజ్‌లు, పరుపులు, పిల్లల పుస్తకాలు పోగొట్టుకుని ఏడుస్తుంటే నేను జీను కడుగుతున్నానని చెప్పుకోవడం కూడా తప్పుగానే ఉంది. అందుకే నాలుగు రోజులు దాని జోలికి పోలేదు.

తడిసిన తోలుని ఎండలో పెడితే అప్పడంలా వంకర తిరిగిపోతుంది. నీడలో, గాలి తగిలేలా, మెల్లగా ఆరాలి. మేకుల చుట్టూ నల్లటి వలయాలు వచ్చాయి. ఇనుము, తోలు ఊనిన కరక్కాయ లాంటి వాటి పులుసు కలిస్తే నలుపు పుడుతుంది, పాతకాలంలో సిరా చేసింది ఇలాగే. అది ఇక పోదు. నూనె మాత్రం పట్టించలేదు. మొదటి జీనుకి నేను పోసిన నూనె ఇప్పటికీ వేసవిలో చెమటలా పైకొస్తుంది, ముట్టుకుంటే వేళ్ళకి ఎర్రటి పొడి అంటుకుంటోంది. రెడ్ రాట్ అంటారు దాన్ని. ఒకసారి పట్టిందంటే తోలు మళ్ళీ తోలు కాదు.

ఆరుతుండగా జీను అడుగున మెత్త కుట్లు ఓ జానెడు విడిపోయాయి. లోపల ఉన్ని ఉండాలి, ఇంగ్లీషు జీన్లలో కూరేది అదే. వేలు పెట్టి చూస్తే పైపైన ఉన్నదే ఉన్ని. లోపలంతా బూరుగు దూది, మధ్యలో నల్లటి బూరుగు గింజలు. ఏరడానికి కూడా తీరిక లేనివాడెవడో గబగబా కూరేశాడు, పైన మాత్రం పాత ఉన్ని పరిచి కప్పెట్టాడు. దొరకి తెలియకూడదని కాబోలు. నాకు ఆ వాటర్ బాటిళ్ళ, బ్లీచింగ్ పౌడర్ రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. సీట్లలో ఇలా కూరేవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఆ వరసలో నేనూ ఉన్నాను, ఇప్పుడు లేననుకోండి.

ఆ జానెడు చీలికని నేను కుట్టలేదు. దూది రాలకుండా పలచటి మల్లు గుడ్డ అడ్డం కట్టి వదిలేశాను.

మొన్న దాన్ని అడుగుతూ ఒకాయన ఫోన్ చేశాడు. హైదరాబాదు మనిషి. విదేశంలో పార్టీ ఉందని, "డెకరేషన్ ఐటమ్" అని బిల్లు రాసేస్తే చాలని అన్నాడు. నూరేళ్ళు దాటిన ఇలాంటి వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుందనీ, మన ఇష్టానికి దేశం దాటించడం కుదరదనీ చెప్పాను. సరే, దేశంలోనే ఉంచుతాను, ఫొటోలు పంపండి అన్నాడు. ముందుగా ఆ విడిపోయిన కుట్లు, బూరుగు దూది, గింజలు దగ్గరగా తీసి పంపాను. తర్వాత పైనుంచి తీసినవి. కాసేపటికి మెసేజ్ వచ్చింది. నేను అడిగిన దానికంటే ఐదు వేలు ఎక్కువే ఇస్తాడట. "మీరే సీట్లు కుడతారు కదండీ, ఆ దూది తీయించి, లోపల మంచి ఉన్ని పెట్టి, నీటుగా కుట్టించి పంపగలరా?" అని అడిగాడు.

మెసేజ్ చూశానని ఆయనకి రెండు నీలం టిక్కులు పడే ఉంటాయి. ఇంకా జవాబివ్వలేదు.